ఫోను గుర్తుపట్టని సారు

మా పెరట్లో తులసికోట ముందు రోజూ పొద్దున ఇద్దరం నిలబడతాం. దీపం పెట్టడానికి నేను, ముఖం చూపించడానికి బడి సారు. ఆయన ముఖం చూపించేది తులసమ్మకు కాదు, ఫోనుకు. తొమ్మిది లోపల ఫోనులో ముఖం పడితేనే ఆయన బడికి వచ్చినట్టు ప్రభుత్వం నమ్ముతుంది. బడి మా గోడకు ఆనుకునే ఉంది గానీ, చుట్టూ సరుగుడు తోట. సముద్రపు గాలి వచ్చినంత ధారాళంగా సిగ్నల్ రాదు. మా తులసికోట దగ్గర మాత్రం రెండు గీతలు కనబడతాయి. ఎవరి పుణ్యమో!

బడికి ఉన్నది ఆయన ఒక్కరే. ఆయన మా పెరట్లోకి వస్తే పిల్లల్ని చూసేదెవరు? అందుకని బడంతా ఆయన వెనకే వస్తుంది. నేను గంట కొడితే సగంమంది ప్రార్థన అనుకుని చేతులు జోడిస్తారు, సగంమంది ప్రసాదం అనుకుని చేతులు చాస్తారు. ఎవరికీ లేదనను.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా నాయన వసారాలో కూర్చోబెట్టి, పలక మీద చదువు నేర్పాడు. అమ్మ వంటింట్లోంచి "ఉండావా?" అంటే, "ఉండా" అనేదాన్ని. మా హాజరు అంతే. ఆ చదువు పెట్టినందుకు ఈ రోజుకీ ఆయనకు మనసులో దణ్ణం పెట్టుకుంటాను. అందుకేనేమో, మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, ఉన్నాడో లేడో ఫోను చెప్పాలన్నది నాకు మొదటినుంచీ వింతగానే ఉంది.

సారుకు ఆడపిల్ల పుట్టింది, నెలలు నిండకుండానే. నెల్లూరు ఆస్పత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. ఆ రోజుల్లో ఆయన పాలిపోయిన ముఖంతో వచ్చి నిలబడితే ఫోను ఎలా ఒప్పుకునేదో గానీ, నాకు మాత్రం చూడబుద్ధయ్యేది కాదు. తలనీలాలు ఇస్తానని కొండకు మొక్కుకోమన్నాను. సారుకు దేవుడి మీద ఎంత భక్తి ఉందో నాకు తెలియదు గానీ, జుట్టు మీద మాత్రం చాలా ఉండేది. జేబులో దువ్వెన లేకుండా గడప దాటేవారు కాదు. అయినా మొక్కుకున్నారు. స్వామి దయ, పాప బొద్దుగా ఇల్లు చేరింది. ఒక ఆదివారం కొండకు వెళ్లి మొక్కు తీర్చుకుని, సోమవారం పొద్దున్నే నున్నటి గుండుతో మా పెరట్లోకి వచ్చారు.

ఒకటో తరగతి పిల్ల ఒకతి భయపడి నా కొంగు చాటుకు వచ్చేసింది. గొంతు విన్నాక గానీ బయటికి రాలేదు. ఫోను గొంతు వినదు కదా. ముఖం సరిపోలేదు పొమ్మంది.

సిగ్నల్ చిక్కక ఆ నెలలో అప్పటికే ఆయనకు ఆలస్యాలు పడి ఉన్నాయి. ఇంకొకటి పడితే మెమో ఇస్తామన్నారని, మెమో వస్తే ఎక్కడికి మారుస్తారో తెలియదని ఆయనే చెప్పి ఉన్నారు. ఈయనకు ముందు మా బడికి వచ్చిన సార్లంతా వచ్చిన దారినే పోయారు. ఈయన వచ్చాకే మా పాప మూడో తరగతిలో కూడికలు వేళ్లు చూసుకోకుండా చేస్తోంది.

సారు నుదుటి నామం చెరుపుకున్నారు. కోటకు ఆ పక్కా ఈ పక్కా నిలబడి చూశారు. నులకమంచం మీదినుంచి మా అత్త అంతా గమనిస్తోంది.

"ఏందబ్బయా, అట్టా తిరగతా ఉండావు? ఇంకొక్క చుట్టు తిరిగితే ప్రదక్షిణం పూర్తయిపోద్ది."

"ముఖం గుర్తుపట్టడంలేదు అవ్వా."

"స్వామి వెంట్రుకలు తీసుకున్నాడు గానీ, ముఖం నీకే వదిలేసినాడే."

ఈలోగా మా పాప ఇంట్లోకి పరిగెత్తి నా సవరం తెచ్చి సారు చేతిలో పెట్టింది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. సారు పిల్లల వంక చూశారు, గడియారం వంక చూశారు, తలమీద పెట్టేసుకున్నారు. ఈసారి ఫోను ఆలోచించింది. చాలాసేపు ఆలోచించి, కాదంది. తొమ్మిది దాటిపోయింది.

ఇక తప్పదని సారు స్పీకరు పెట్టి పై అధికారికి ఫోను చేశారు. సవరం తీయడం మరిచిపోయి, చేతులు కట్టుకున్నంత వినయంగా మాట్లాడారు. గుండు చేయించుకునేముందు ఆఫీసులో చెప్పాలని తెలియదా అని అవతలినుంచి గదమాయింపు. ఏ కాగితం మీద చెప్పాలో మాత్రం ఆయన చెప్పలేదు. నాకెక్కడి ధైర్యం వచ్చిందో, ఫోను దగ్గరికి వెళ్లాను.

"సార్, పాప కోసం మొక్కుకోమన్నది నేను. సారు ఇక్కడే ఉండారు. కావాలంటే పిల్లకాయల్ని అడగండి."

"ఉండారు సార్" అని బడంతా ఒక్క గొంతుతో అంది.

అవతల అధికారి గొంతు మారింది. "పాప ఎట్టా ఉంది?" అన్నారు. బాగుందన్నారు సారు. దర్శనానికి ఎంతసేపు పట్టిందని, గది దొరికిందా అని, చలి ఎట్టా ఉందని అడిగారు. చివరికి తీర్పు వచ్చింది. పిల్లలతో ఫొటో దిగి వెంటనే పంపాలి. సాయంత్రం ఆఫీసుకు వచ్చి కొత్త ముఖం నమోదు చేయించుకోవాలి. లడ్డూ ఉంటే తేవాలి. ప్రసాదాన్ని లంచమంటే కళ్లు పోతాయి, నేను ఆ మాట అనను.

మెమో రాలేదు. సారు మా ఊళ్లోనే ఉన్నారు. మా పాప భాగహారాల దాకా వచ్చింది. ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నా ఆ రుణం తీరదు.

చిక్కల్లా ఒక్కటే. ఇప్పుడు ఫోనుకు తెలిసింది గుండు ముఖం. వెంట్రుకలు కాస్త మొలిచేసరికి మళ్లీ నసగడం మొదలుపెట్టింది. మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగడం కంటే మంగలి దగ్గరికి పోవడమే సుళువని సారు తేల్చుకున్నారు. నెలనెలా గుండే. ఆయన భార్య నన్నేమనుకుంటోందో నేను అడగలేదు. పక్క ఊళ్లలో మాత్రం, మా సారంత భక్తుడు ఈ చుట్టుపక్కల లేడని చెప్పుకుంటున్నారు.