చిన్న మార్పు, ఎవరికీ తెలియజేయనక్కర్లేదు

మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి మొదట చదవమని ఇచ్చే పేజీ నేనే రాశాను. పేర్లూ అడ్రస్‌లూ లాంటి స్ట్రింగ్‌లను మెమరీలో క్షేమంగా కాపీ చేయడం ఎలాగో అందులో ఉంటుంది. అలా కాపీ చేసే ఒక ఫంక్షన్ గురించి, 'సైజు ఇస్తే చాలు, చివర సున్నా అదే పెడుతుంది' అని పెద్ద పోటుగాడిలా రాసిపారేశాను. అన్నిసార్లూ పెట్టదు. పేరు పొడుగైతే, ఇక్కడితో అయిపోయిందని చెప్పే ఆ సున్నాకి చోటుండదు. సున్నా లేకపోతే ఎక్కడ ఆగాలో తెలియక ప్రోగ్రామ్ పక్కవాళ్ళ వివరాలు కూడా చదివేస్తుంది.

అదే జరిగింది. కస్టమర్లకి వెళ్ళిన ఉత్తరాల్లో ఒకరి పేరు వెనక ఇంకొకరి ఫోన్ నంబర్ అచ్చయింది. ఆ కోడ్ రాసింది ఇర్వింగ్ ఊళ్ళో మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఉండే వరంగల్ అమ్మాయి. మా టీమ్‌లో కాంట్రాక్ట్ మీద పనిచేసేది. ఆ నెల కాంట్రాక్ట్ పొడిగించకపోతే వీసా చిక్కుల్లో పడుతుంది. నన్ను అన్నా అంటుంది. మా ఆవిడ చేసే గోంగూర పచ్చడి కోసం డబ్బా పట్టుకుని వస్తుంటుంది.

తప్పు ఎవరిదో తేల్చే మీటింగ్‌కి ముందు గబగబా ఆ వాక్యం దిద్దేశాను. సేవ్ చేసేచోట ఒక గడి ఉంటుంది: 'చిన్న మార్పు, ఎవరికీ తెలియజేయనక్కర్లేదు.' టిక్ పెడితే టీమ్‌కి మెయిల్ పోదు. పెట్టాను. పాత పేజీ కావాలంటే హిస్టరీలో వెతుక్కోవాలి, అంత ఓపిక ఎవరికుంది?

మీటింగ్‌లో మేనేజర్ ఆ పేజీ తెరిచి, ఇంత స్పష్టంగా ఉంది కదా, చదవలేదా అని ఆమెను అడిగాడు. ఆమె ఒక్కసారి నా వైపు చూసి, సారీ చెప్పింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఛీ, ఏం బతుకు నాది!

కాంట్రాక్ట్ పొడిగించలేదు. శుక్రవారం ఆమెకు ఆఖరి రోజు. శనివారం, పచ్చడి పెట్టిచ్చిన మా స్టీల్ డబ్బా తిరిగి ఇవ్వడానికి వచ్చింది.

"అన్నా, మీ పేజీ నేను చేరిన్నాడే ప్రింట్ తీసి పెట్టుకున్న. మీటింగ్ రోజు నా ఫైల్‌లనే ఉండె" అంది.

మరి ఎందుకు చూపించలేదని అడిగాను.

"మీ గ్రీన్‌కార్డ్ లాస్ట్ స్టెప్‌ల ఉందని వదిన చెప్పింది. పిల్లలున్నోళ్ళు."

డబ్బా కడిగి తుడిచి తెచ్చింది. సిగ్గుతో తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను.

సోమవారం ఆ పేజీ మీద పైనే రాశాను: ఇక్కడ తప్పుండేది, రాసింది నేను, దిద్ది దాచిందీ నేను, ఆమె అప్పుడు ఈ పేజీలో ఉన్నట్టే చేసింది. ఈసారి టిక్ పెట్టలేదు. టీమ్ అందరికీ మెయిల్ వెళ్ళింది. ఆమెకి వెళ్ళింది మాత్రం తిరిగొచ్చింది. ఆమె అకౌంట్ శుక్రవారమే తీసేశారట.