గుట్టల్లో సిగ్నల్ ఉంది

ఆ రోజు గుట్టల్లో సిగ్నల్ లేదని నేను చెప్పింది అబద్ధం. మా వీధిలో ఆ మాట నమ్మినవాళ్లున్నారు, నమ్మనివాళ్లున్నారు. నమ్మనివాళ్లు నిందించింది నన్ను కాదు, నా స్నేహితుణ్ణి.

అతనికి చిత్తూరులో టైలరు అంగడి ఉంది. చిన్నప్పుడే తండ్రి పోతే మేనమామ పెంచి, పని నేర్పించాడు. ఆ మామ మంచాన పడి అప్పటికి నాలుగు నెలలు. తినిపించడం, పక్క మార్చడం అన్నీ ఇతనే. ఆ రోజు బట్ట కోసం నగరికి వెళ్లాలంటే నా కారులో తీసుకెళ్లాను. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తామని వాళ్ల అత్తకు మాటిచ్చింది నేనే.

తిరిగొచ్చేటప్పుడు, కార్వేటినగరం దాటాక, ఉన్నట్టుండి కారును మామిడితోటల మధ్య దారిలోకి తిప్పాను.

"యాడికప్పా? ఇది మనూరి దారి కాదే," అన్నాడతను.

"నాకూ తెలీదు. పోయి సూద్దాం."

"నీకు పనీపాటా లేదబ్బా. నాకు ఇంట్లో మామ ఉండాడు."

"గంటలో ఏమైపోతాదిలే."

కొంతదూరం పోయాక గుట్టల నడుమ చెరకు తోటల పక్కన బెల్లం వండుతున్నారు. పొగ చూసి ఆపాను. అతను దిగి ఆకులో వేడి పాకం పెట్టించుకుని, వేళ్లు ఊదుకుంటూ, "రాప్పా, నాలిక కాల్తే కాల్నీ!" అని కేక వేశాడు. ఆ నాలుగు నెలల్లో అతను నవ్వడం నేను చూసింది అప్పుడే.

అతని ఫోను చార్జింగు అయిపోయి పొద్దున్నే ఆగిపోయింది. అందుకే అప్పుడు వాళ్ల అత్త నాకు ఫోను చేసింది. పేరు చూశాను. తీస్తే వెంటనే బయల్దేరాలి. సౌండు తగ్గించి సీటు మీద బోర్లా పెట్టాను. ఇంకో రెండుసార్లు అది అక్కడే వణికింది. అతని సంతోషం కోసమే తీయలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. నాకు ఆ పూట బాగుంది, అంతే.

మేం చేరేసరికి వాళ్ల గుమ్మం ముందంతా చెప్పులు. మామ పోయి గంట దాటింది.

"మూడుసార్లు రింగయింది నాయనా," అంది అత్త నాతో. "ఆయన నీళ్లు గూడా వద్దని వీణ్ణే అడగతా ఉన్నాడు."

"ఆ గుట్టల్లో సిగ్నల్ లేదమ్మా," అన్నాను.

"ఆయప్ప అబద్ధం చెప్పడు ముమానీ," అన్నాడు నా స్నేహితుడు అత్తతో, ఏడుస్తూనే.

ఆమె అతని వైపే చూసింది. "ఇద్దరూ ఒకే మాట అనుకోని వచ్చినారు."

ఆ తర్వాత ఆమె కూతురింటికి వెళ్లిపోయింది. రెండేళ్లుగా అతనితో మాట లేదు. పండక్కి అతను కుట్టి పంపిన బట్టలు మడత విప్పకుండానే తిరిగొచ్చాయి.

పోయిన వారం అంగట్లో అతనికి అంతా చెప్పాను. మిషను ఆగింది.

"మొదటిసారికే తీసుంటే?"

"అందుకొనేవాళ్లం."

అతను దారం తెంపి బట్టను పక్కన పెట్టాడు. "నాకు చెప్తే ఏం లాభం? ఆమెకు చెప్పు. నేను రాను."

ఒక్కణ్ణే వెళ్లాను. ఆమె గుమ్మంలోనే నిలబడి విన్నది. తిట్టలేదు.

"తెలిసే నిన్ను వెనకేసుకొచ్చినాడా వాడు?"

"లేదమ్మా. నమ్మినాడు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"వాణ్ణి పంపించు," అంది. "నువ్వు మళ్లా రావద్దు."