స్వగ్రామం అనే గడి

పొద్దున బాయిలర్ ఆవిరి వదిలిన కాసేపటికి ఉడికిన గెలల వాసన నా గదిలోకి వస్తుంది. పామాయిల్ ఫ్యాక్టరీ ఎరగనివాళ్లకు ఆ వాసన ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఉడకబెట్టిన పల్లికాయలా మొదలై, కాసేపటికి మాడిన బెల్లం పాకంలా ముక్కులో తిష్ఠ వేస్తుంది. కొత్తగా చేరినవాళ్లు వారం రోజులు అన్నం సరిగా తినలేరు. నాకు మాత్రం ఆ వాసన రాగానే భ్రమరాంబగారు వచ్చి ఎదురుగా కూర్చున్నట్టు ఉంటుంది. ఈ కుర్చీ ఒకప్పుడు ఆవిడదే. దమ్మపేట దాటాక అడవి మొదలయ్యే దారిలో ఉన్న మా ఫ్యాక్టరీలో మనుషులను పనిలోకి తీసుకునే బాధ్యత చాలా ఏళ్లు ఆవిడే చూశారు. పోయిన వానాకాలంలో కాలం చేశారు. ఆవిడ గురించి రాయాలని అప్పుడే అనుకున్నాను కానీ, మొన్న మంగళవారం నేను చేసిన ఒక పొరపాటు చేతికి కలం ఇచ్చి కూర్చోబెట్టింది.

భ్రమరాంబగారు పొట్టి మనిషి. కళ్లజోడుకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేవారు. అత్తింటివాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నవాళ్లు. ఆవిడకు తోటలు, పాడి అన్నీ ఉన్నాయి, ఉద్యోగం చేయాల్సిన అవసరమే లేదు. అయినా చేశారు, అదీ అందరినీ తిడుతూ చేశారు. మెత్తగా మాట్లాడటం ఆవిడకు బొత్తిగా చేతకాదు. నన్ను మెచ్చుకున్నప్పుడు కూడా తిట్టినట్టే ఉండేది.

నేను ఇక్కడికి గ్రేడర్ ఉద్యోగానికి వచ్చాను. రైతు తెచ్చిన గెలల్లో పండినవేవో, పచ్చివేవో చూసి చెప్పడం గ్రేడర్ పని. మాది ఏన్కూరు పక్కన ఒక తండా. మా వైపు "ఏ ఊరు?" అనే ప్రశ్నను మంచినీళ్లు ఇచ్చినంత మామూలుగా అడుగుతారు. బస్సులో అడుగుతారు, దవాఖానాలో అడుగుతారు. అడిగేవాళ్లకు అది పలకరింపే. అయితే ఊరి పేరు చివర తండా అని వస్తే మేము లంబాడీలమని, గుంపు అని వస్తే కోయవాళ్లని ఇట్టే తెలిసిపోతుంది. కులం అడిగితే తప్పు, ఊరు అడిగితే మర్యాద. రెండూ చేసే పని మాత్రం ఒకటే. డిగ్రీ అయ్యాక ఖమ్మంలో రెండు ఆఫీసుల్లో నన్ను ఆ ప్రశ్న అడిగారు. తండా పేరు చెప్పాను. "కబురు చేస్తాం" అన్నారు. ఆ కబుర్లు ఇంకా దారిలోనే ఉన్నట్టున్నాయి. అందుకే ఈ ఫ్యాక్టరీ దరఖాస్తులో బానోతు సరోజ అని రాయకుండా బి. సరోజ అని రాశాను. స్వగ్రామం అనే గడిలో ఏన్కూరు అని రాశాను. రాస్తున్నప్పుడు మా అమ్మ పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆమెకు చదువు రాదు కాబట్టి బతికిపోయాను.

ఇంటర్వ్యూలో మేనేజర్ గారు నా కాగితం తిరగేయకుండానే నా మొహం చూసి, "ఏ ఊరమ్మా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు పక్క కుర్చీలోంచి భ్రమరాంబగారు అందుకున్నారు.

"ఊరితో మనకేం పనండీ? ఊరొచ్చి గెలలు చూసుద్దా? పని సంగతి అడగండి."

"ఊరికే అడిగానండీ."

"ఊరికే అయితే అసలు అడగొద్దు."

అందరినీ బయటికి తీసుకెళ్లి, నేల మీద మూడు గెలలు పెట్టించారు. నా ముందు ఇద్దరు అబ్బాయిలు నిలబడి చూసి, మూడూ పండినవే అన్నారు. నేను చున్నీ చేతికి చుట్టుకుని, ముళ్లు గుచ్చుకోకుండా మూడో గెలను అటు తిప్పాను. మీద ఎర్రగా ఉన్న గెల కింది పక్క నల్లగా, ఒక్క పండూ కదలకుండా బిగుసుకుని ఉంది.

"ఇది పచ్చిది మేడం. మీదమీదనే ఎర్రగున్నది. పండినదైతే పండ్లు వాటంతటవే రాలతయి."

"నీకెలా తెలుసు?"

"రాలిన పండ్లు ఏరే కూలికి పోయిన మేడం. నాలుగేండ్లు," అనేసి నాలుక కరుచుకున్నాను. గ్రేడర్ ఉద్యోగానికి వచ్చి కూలి సంగతి చెప్పుకోవడం ఏమిటని నాకే సిగ్గేసింది.

ఆవిడ నా దరఖాస్తు చూసి కస్సుమన్నారు. "మరి అనుభవం దగ్గర 'లేదు' అని రాశావేంటి? నాలుగేళ్లు తోటల్లో వంగి పనిచేస్తే అది అనుభవం కాదా? ఎవరు చెప్పారు నీకు?" ఎవరూ చెప్పలేదు. మేము ఎండలో చేసిన పనికి అలాంటి పేరు ఒకటి ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆవిడ తన పెన్నుతో 'లేదు' కొట్టేసి, పక్కన నాలుగేళ్లు అని రాశారు.

ఉద్యోగం వచ్చింది. చేరే రోజు అసలు సర్టిఫికెట్లు చూపించాలన్నారు. వాటిలో తండా పేరు ఉంటుందన్న సంగతి దరఖాస్తు రాసేటప్పుడు నా బుర్రకు తట్టలేదు. దొంగతనం చేసేవాడికి తెలివి ఒక్క అడుగు తక్కువే ఉంటుంది కదా. భ్రమరాంబగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"ఇక్కడ తండా అని ఉంది. అక్కడ ఏన్కూరు అని ఉంది. ఏది నిజం?"

నేను ఏడ్చేశాను. "అబద్ధం రాసిన మేడం. తండా అని రాస్తే పిలవరని గట్ల రాసిన. నౌకరీ తీసేస్తరా?"

ఆవిడ లేచి బీరువాలోంచి ఖాళీ దరఖాస్తుల కట్ట తీసి, స్కేలు పెట్టి, ఒక్కొక్కదాని మీద స్వగ్రామం గడిని అడ్డంగా కొట్టేయడం మొదలుపెట్టారు. ఐదారు కొట్టాక సగం కట్ట నా ముందుకు తోశారు. "ఏడుపు ఆపి నువ్వూ కొట్టు. తప్పు నీదొక్కదానిదే కాదు, ఈ గడిది కూడా. ఇన్నేళ్లు చూస్తూ ఊరుకున్నాను, నాదీ ఉంది." ఉద్యోగంలో నేను చేసిన మొదటి పని అదే. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మధ్యాహ్నం దాకా గీతలు కొట్టాం.

అంతా అయ్యాక రిజిస్టర్ తెరిచారు. "ఇందులో మాత్రం నిజం రాయి. పనిలో చేరాక దాచేదేంటి? రేపు నీకేమన్నా అయితే మా మనిషి ఏన్కూరు సెంటర్లో నిలబడి ఎవర్ని వెతకాలి?" రాశాను. నిజం చెప్పాలంటే రిజిస్టర్‌లో మాత్రమే రాశాను. బయట ఎవరడిగినా ఏన్కూరు అనే చెప్పేదాన్ని. అది అంత త్వరగా పోయే అలవాటు కాదు.

ఆవిడను దేవతను చేసి రాస్తే ఆవిడే లేచి వచ్చి తిడతారు. నేను చేరిన కొత్తలో మధ్యాహ్నం టీ పెట్టే పని ఆడవాళ్లదే. ఆ వంతులు వేసింది భ్రమరాంబగారే. మూడు నెలలు చూసి ఒకరోజు ధైర్యం చేశాను. "మేడం, నేనూ గ్రేడరే, వాళ్లూ గ్రేడర్లే. టీ డ్యూటీ మా ఆడోళ్లకే ఏంది?" ఆవిడ మొహం ఎర్రబడింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. మర్నాడు గోడ మీద కొత్త కాగితం ఉంది. అందరి పేర్లూ ఉన్నాయి. మొదటి పేరు ఆవిడది, రెండోది మేనేజర్ గారిది. మేనేజర్ గారి టీ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. అయినా మారు మాట లేకుండా తాగాం.

ఒక ఎండాకాలం ట్రాక్టర్ నిండా గెలలతో ఒక పెద్ద రైతు వచ్చారు. నేను ఎనిమిది గెలలు పక్కకు తీయించాను. ఆయనకు కోపం నషాళానికి అంటింది. "మా గెలలకు వంకలు పెట్టేది ఈ తండా పిల్లా? మగమనిషిని పిలవండి, చూస్తాడు." నేను ఎంత దాచినా నా మొహం, యాస చూసి పోల్చుకున్నట్టున్నారు. కాటా దగ్గరున్న వాళ్లంతా నన్నే చూశారు. ఎవరో పరిగెత్తి భ్రమరాంబగారిని పిలుచుకొచ్చారు. ఆవిడను చూడగానే ఆ రైతు మొహం విప్పారింది. అప్పుడు తెలిసింది, ఆయన ఆవిడకు సొంత బావగారు, భర్తకు అన్న.

"చూడమ్మా భ్రమరా, మన గెలలు పచ్చివంట."

ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుని, ఆ ఎనిమిదింటినీ ఒక్కొక్కటే తిరగేయించి చూశారు. "పచ్చివే బావగారూ. ఇక్కడ గ్రేడర్ ఈ అమ్మాయి. ఈ అమ్మాయి మాటే ఫ్యాక్టరీ మాట. ఆ పిల్లను అన్న మాట వెనక్కి తీసుకుని గెలలు దించుకోండి, లేదంటే ట్రాక్టర్ తిప్పుకోండి."

ఆయన ట్రాక్టర్ తిప్పుకున్నారు. ఆ ఏడాది వాళ్ల గృహప్రవేశానికి ఊరంతటికీ పిలుపు వెళ్లింది, భ్రమరాంబగారికి రాలేదు. ఆ సంగతి ఆవిడ నాకు చెప్పలేదు, ఎవరో అనుకుంటుంటే విన్నాను. వెళ్లి, "నావల్లనే గదా మేడం" అన్నాను. "నీవల్ల కాదు, గెలల వల్ల. పని చూసుకో పో," అన్నారు. కృతజ్ఞత చెప్పబోయిన ప్రతిసారీ ఆ 'పని చూసుకో'తోనే నా నోరు మూయించారు. దగ్గరుండి పై చదువు చదివించి, రిటైరయ్యే ముందు ఈ కుర్చీకి నా పేరు పంపినప్పుడూ అదే మాట. ఇప్పుడు నన్ను ఆపడానికి ఆవిడ లేరు కాబట్టి చెప్పేస్తున్నాను. నేను ఈ రోజు తలెత్తుకుని తింటున్న అన్నం ఆవిడ చలవే.

ఇక మంగళవారం సంగతి. ల్యాబ్‌లో సహాయకురాలి ఉద్యోగానికి ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి. నాతో పాటు మరో ఇద్దరు కూర్చున్నారు. జ్యోతి అనే అమ్మాయి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని ఫైలును ఒళ్లో గట్టిగా పట్టుకుంది. పాపం, ధైర్యం చెబుదామని నవ్వుతూ, "ఏ ఊరమ్మా?" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

"భద్రాచలం మేడం," అంది, తన చెప్పుల వైపు చూస్తూ. ఆ చూపు నాకు తెలుసు. ఆ గొంతూ తెలుసు. భద్రాచలంలో పుట్టిన పిల్ల ఆ పేరు అంత భయంగా చెప్పదు. ఎవరో చెంప మీద కొట్టినట్టయింది నాకు.

"తప్పు నాదమ్మా. గా ప్రశ్న అడగొద్దు. నువ్వు చెప్పిందీ నేను రాసుకోను. ఏమేం పనులొస్తయో చెప్పు."

"అనుభవం లేదు మేడం."

"ఇంట్ల ఏం జేస్తరు?"

"ఎండాకాలం మా అమ్మతోని ఇప్పపూలు ఏరతం. ఎండబెట్టి, తేమ చూసి సంచులకెత్తుతం."

"తేమ ఎట్ల చూస్తరు?"

"పిడికిట్ల పట్టి విడిస్తే ఒకదానికొకటి అంటుకోవద్దు మేడం."

మా ల్యాబ్‌లో రోజూ చేసేది తేమ చూడటమే. ఆమె కాగితంలో అనుభవం దగ్గరున్న 'లేదు' కొట్టేసి, ఎన్నేళ్లో అడిగి రాశాను. ముగ్గురం విడివిడిగా వేసిన మార్కులు కలిపితే జ్యోతే ముందుంది.

శుక్రవారం చేరడానికి వచ్చింది. రిజిస్టర్ ఆమె ముందు పెట్టి, ఇందులో నిజం రాయాలని, ఎందుకు రాయాలో కూడా భ్రమరాంబగారు చెప్పినట్టే చెప్పాను. జ్యోతి పెన్ను తీసుకుని మెల్లగా ఇప్పలగుంపు అని రాసింది. రాసి తలెత్తి, బెరుకు లేకుండా అడిగింది.

"మరి మీదే ఊరు మేడం?"

గదిలో గుమస్తా ఉన్నాడు, ఇద్దరు గ్రేడర్లు ఉన్నారు, కాటా చీటీ కోసం వచ్చిన రైతు ఒకాయన ఉన్నాడు. ఏన్కూరు అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను.

"గుట్టకింది తండా," అన్నాను, అందరికీ వినబడేట్టు.

"బస్సు వస్తదా మేడం?"

"రాదు. ఏన్కూరుల దిగి నడవాలె."

"మాకూ గంతే మేడం," అని జ్యోతి నవ్వింది.