గళ్ల లుంగీల పట్టా

కిందటి వానాకాలంలో అమ్మ వంటగది గుమ్మంలో జారి పడింది. విరిగిన ఎముక బాగానే అతుక్కుంది. ఇక నడవాల్సిందే, లేకపోతే కాళ్లు పట్టేసి మంచానికే అంకితమైపోతారని డాక్టరు గట్టిగానే చెప్పాడు. చేతికర్ర కొన్నాం. అమ్మ మాత్రం మంచం దిగనంది. అరసవల్లిలో ఈ ఇల్లు కట్టినప్పుడు నేనే ముచ్చటపడి వేయించిన తెల్ల టైల్స్ మీదే ఆవిడ జారింది. వాటిని చూస్తేనే ఆవిడకి వణుకు. బాత్రూముకి వెళ్లాలంటే నేనూ మా ఆయనా చెరో రెక్కా పట్టుకుని, ఎత్తుకున్నంత పని చేసేవాళ్లం. మంచం పక్కన వేద్దామని బజారులో కాళ్లపట్టాలు కొంటే, మనిషి కంటే ముందు అవే జారాయి.

మా వెనక వీధి చర్చి హాల్లో గురువారం మధ్యాహ్నాలు కొందరు ఆడవాళ్లు చేరి పాతగుడ్డలతో కాళ్లపట్టాలు చేస్తారు. ఆదివారం కుదరదు, వాళ్లకి ప్రార్థన, మా వీధికి సూర్యుడి గుడికొచ్చే ఆటోల రద్దీ. ఆ పట్టాలు బరువుగా, మెత్తగా ఉంటాయి, కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు కుట్టేస్తారు కాబట్టి కదలవు. నాకూ నేర్పమని వెళ్లి అడిగాను. వాళ్లలో పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, చాపమీద చోటు చూపించింది. ఆవిణ్ణి అందరూ పిన్ని అంటారు, నేనూ అలాగే అన్నాను.

పని చూడ్డానికి తేలికే. గుడ్డని వేలెడు వెడల్పు పీలికలుగా చింపి, మూడు పీలికలు తీసుకుని జడ అల్లాలి. ఆ జడని చుట్టలా చుట్టుకుంటూ దబ్బనంతో ఒక్కో చుట్టూ కుట్టుకు రావాలి. నాకు అసలే ఓపిక తక్కువ. ఆ రోజుల్లో మరీ తక్కువ, పాలు పొంగినా అమ్మ మీదే కసురుకునేదాన్ని. ఆ విసురంతా చేతుల్లోకి వచ్చి, జడని పళ్లు బిగించి మరీ లాగాను. మూడో వారానికి నా పట్టా అంచులు పైకి లేచి బుట్టలా తయారైంది. నేల మీద పెడితే గిర్రున తిరిగింది. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు, ఒకావిడ అందులో ఉల్లిపాయలు పోసుకోవచ్చంది. పిన్ని నవ్వలేదు గానీ, మలుపు దగ్గర జడని కాస్త ఒగ్గెయ్యాలని, వదులుగా పోనివ్వాలని, బిగిస్తే అది పడుకోదని చెప్పి మొత్తం విప్పించింది. ఉక్రోషం వచ్చింది, అయినా విప్పాను.

వాళ్లకో పద్ధతి ఉంది. ఎవరింటి గుడ్డలైనా సరే, తెచ్చి మధ్యనున్న గుట్టలో కలిపేయాలి. ఎవరికి కావలసినవి ఆ గుట్టలోంచే తీసుకోవాలి. నేను మాత్రం నా సంచీ నా ఒళ్లోనే పెట్టుకున్నాను. అందులో ఉన్నవి మా నాన్న గళ్ల లుంగీలు. ఆయన పోయిన దగ్గర్నుంచి బీరువాలోనే ఉన్నాయి, బీరువా తాళం నా దగ్గరే. ఆయన లుంగీ కాళ్లకింద ఉంటే అమ్మకి ధైర్యంగా ఉంటుందని నా ఆలోచన. ఆ ఆలోచనకి నేనే మురిసిపోయాను కూడా.

రెండోసారి పట్టా చక్కగా, చదునుగా కుదిరింది. తెచ్చి మంచం పక్కన పరిచాను. అమ్మ కిందకి వంగి చూసింది. ఆ నీలం గళ్లు గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. వేలాడుతున్న కాళ్లు చటుక్కున మంచం మీదకి లాక్కుంది.

"మీ నాన్న గుడ్డ మీద కాలెట్టమంతావేటే?" అంది, గోడవైపు తిరిగిపోయి.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పుస్తకం పొరపాటున కాలికి తగిలినా కళ్లకద్దుకునే మనిషి అమ్మ. నేనూ ఆ ఇంట్లోనే పెరిగాను, అయినా నాకు తట్టలేదు. పట్టా తీసుకెళ్లి వరండాలో నాన్న కుర్చీలో పడేశాను.

గురువారం వెళ్లి పిన్నితో అంతా వెళ్లబోసుకున్నాను. ఆవిడ మధ్యనున్న గుడ్డల గుట్టని నావైపు తోసింది.

"అందుకేనే అందరి గుడ్డలూ కలిపేస్తాం. ఎవుల్దో తెలిస్తే ఎవులూ తొక్కనేరు."

ఆ పూట అందరూ తమ పని పక్కన పెట్టి నా కోసం జడలు అల్లారు. ఎవరిదో నైటీ, ఎవరి పిల్లదో స్కూలు యూనిఫాం, చర్చి కిటికీ పాత కర్టెన్, దుప్పటి ముక్క. చుట్లు కుట్టింది నేనే, మలుపు మలుపుకీ చెయ్యి వదులు చేసుకుంటూ. వాళ్లంటే నాకెంత ఇష్టమో ఆ రోజే తెలిసింది.

కొత్త పట్టా పరిస్తే అమ్మ మళ్లీ వంగి చూసింది, ఎవరి గుడ్డలని అడిగింది. తెలీదన్నాను. నిజంగానే తెలీదు. మెల్లగా ఒక కాలు దించింది. తర్వాత రెండోది. వేళ్లతో ఆ మెత్తదనాన్ని కాసేపు నొక్కి చూసుకుంది.

"ఆ పట్టా ఏటి సేసినావు?" అని అడిగింది.

"వరండాలో ఉన్నాది, నాన్న కుర్చీలో."

"ఎండలో ఒగ్గేసినావా? రంగు ఎలిసిపోదేటే?"

నేను తెస్తానని లేవబోయాను. ఆవిడ నా మాట వినిపించుకోలేదు. కర్ర అందుకుని లేచి నిలబడింది, నన్ను తిట్టుకుంటూ గోడ పట్టుకుని బయల్దేరింది. పట్టా దాటిపోయింది. కాళ్లకింద నేను వేయించిన తెల్ల టైల్స్. చెయ్యి చాచి, తాకకుండా, వెనకాలే నడిచాను. వరండాలో పట్టా తీసి దుమ్ము దులిపి, కళ్లకద్దుకుని, చంకలో పెట్టుకుంది. వచ్చిన దారినే తిరిగి నడిచింది. టైల్స్ మీద నడుస్తున్నావమ్మా అని నేను చెప్పలేదు.