గంగమణి ఇచ్చిన మచ్చు

ఆర్మూరు మార్కెట్లో ఏ రైతూ తన పసుపు తాను అమ్ముకోడు. ఎంత మేలైన కొమ్మైనా సరే, నడుమ ఒక ఆడ్తిదారు ఉండి, కొనేవాడికి చూపించి, ధర పలికించాల్సిందే. ఊహ తెలిసిన నాటి నుంచి అక్కడే కొమ్ములేరుతూ పెరిగిన గంగమణికి లోకమంతా ఇట్లాగే నడుస్తుందని గట్టి నమ్మకం. అందుకే పుస్తకం రాయడం పూర్తవగానే ఆమె మొదట అడిగిన మాట, "దీనికి ఆడ్తిదారు ఎవలు?" అని. నవ్వకండి. పెద్ద చదువులు చదివి పుస్తకాలు రాసినవాళ్లకు కూడా ఆ ప్రశ్న తొందరగా తట్టదు.

ఆ పుస్తకం ఆమె చెల్లెలు తార కథ. పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెడితే, రానని మొండికేసిన అక్కను చెయ్యి పట్టి లాక్కుపోయింది తారే. కొమ్ములేరే ఆడవాళ్ల మధ్య కూర్చుని తార ఒక ముచ్చట మొదలుపెడితే చేతులన్నీ ఆగిపోయేవి, అజమాయిషీ చేసే ముసలాయన కేకలు వేయడానికి వచ్చి తానే నిలబడి వినేవాడు. అరవై ఒకటిలో మూడు రోజుల జ్వరం ఆ పిల్లను ఎత్తుకుపోయింది. అప్పటికి తారకు ఇరవై రెండేళ్లు. ఆ తర్వాత మూడేళ్లు గంగమణి తీరిక దొరికినప్పుడల్లా రాస్తూనే ఉంది. నూట పన్నెండు కాగితాలయ్యాయి. తారను చూడనివాళ్లు కూడా తారను ఎరగాలి, ఆమెకు కావలసింది అంతే.

ఇక ఆడ్తిదారు సంగతి. ఆమెకు తోచినవాళ్లు ముగ్గురు. ఒకరు బడి నుంచి రిటైరైన హన్మాండ్లు పంతులు. ఆయన పద్యాలు పట్నం పత్రికలో రెండుసార్లు అచ్చయ్యాయి. రెండోవాడు దలాలీ భోజన్న. పసుపు పని మీద నెలకు రెండుమార్లు హైదరాబాదు పోతాడు, అక్కడ ఒక ప్రెస్సు యజమానితో తనకు దోస్తీ ఉందని చెబుతాడు. మూడోవాడు పెద్దులు. పట్నంలోని ఒక పుస్తకాల కంపెనీ తరఫున కమ్మర్‌పల్లి, మెండోర బడులకు సైకిల్ మీద పాఠపుస్తకాలు చేరవేసే మనిషి. మాట తక్కువ.

ఎవరు సరైనవారో తేల్చుకోవాలంటే మార్కెట్లో ఒకటే పద్ధతి, మచ్చు ఇవ్వడం. బస్తా పైనుంచి ఒక పిడికెడు, నడుమ నుంచి ఒక పిడికెడు, అడుగు నుంచి ఒక పిడికెడు. పైన మంచి సరుకు పరిచి లోపల చూర కుక్కలేదని నిజాయితీ గల రైతు చూపించుకునే తీరు అది. గంగమణి కూడా నిజాయితీపరురాలే. కట్ట దారం విప్పి, పై కాగితాలు పది పంతులుకు, నడుమవి పది పెద్దులుకు, అడుగువి పది భోజన్నకు ఇచ్చేసింది. వాటికి నకలు లేదు. ఇచ్చిన మచ్చును తిరిగి అడగడం ఆ మార్కెట్లో మర్యాద కాదు కాబట్టి, అడగాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

పంతులు వారంలో ఇంటికి పిలిపించాడు. "కథ మంచిదే గని భాష మోటుగున్నది, గంగమణీ. నేను సాపు చేస్త. పుస్తకం మీద పేరు ఇద్దరిదీ వేద్దాం" అన్నాడు. కాగితాల నిండా ఎర్ర సిరా. ఆ ఎర్ర సిరాలో తార రాచకన్యలా మాట్లాడుతోంది. కొమ్ముకు మెరుగు పెడితే పొట్టు పోవాలి. ఆ పెద్దమనిషి కొమ్మునే అరగదీశాడు.

భోజన్న మాత్రం ఎదురొచ్చి మరీ మెచ్చుకున్నాడు. "మస్తుగున్నది. ఇగ అచ్చుకు పోయినట్లే అనుకో."

"ఏ మాట మంచిగ అనిపిచ్చింది, భోజన్నా?"

"అన్నీ మంచిగనే ఉన్నయి."

గంగమణి మురిసిపోయింది. ఇంకెవరో ఎందుకు, భోజన్నకే ఇచ్చేద్దామని మనసులో ఖాయం చేసుకుంది కూడా. పొగడ్తకు లొంగని మనిషిని నేనింతవరకు చూడలేదు, ఆమెనేం తప్పు పడతాం?

మర్నాడు పెద్దులు వచ్చాడు. సైకిల్ గోడకు ఆనించి, పొగడ్త ఒక్కటీ లేకుండా అడిగాడు. "అక్కా, యాభయ్యో కాగితం కాడ తార కట్టెల మోపు దించి పకపక నవ్వింది. ఎందుకు నవ్వింది? అంతకుముందు ఏమైంది?"

గంగమణి చేతిలో పని ఆగిపోయింది. తారను ఎన్నడూ చూడని మనిషి తార ఎందుకు నవ్విందని అడుగుతున్నాడు.

"మొత్తం కట్ట ఇయ్యి అక్కా, సదివి చెప్త" అన్నాడు. పై కాగితాలు ఒకరికి, అడుగువి ఇంకొకరికి మచ్చు ఇచ్చానని ఆమె చెప్పగానే అతని మొహం మారిపోయింది. "నకలు రాసుకోలేదా?"

"మచ్చుకు నకలేంది, తమ్మీ?"

పెద్దులు ఆమెను వెంటబెట్టుకుని ముందు పంతులు ఇంటికి పోయాడు. ఎర్ర సిరా కింద పాత అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి, అంతవరకు నయం. ఆ కాగితాలు తీసుకుని, పంతులుతో కలిసి భోజన్న దుకాణానికి పోయారు. సంగతి విని భోజన్న తల దించుకున్నాడు. నిజామాబాదు వ్యాపారులకు పంపిన పసుపు మచ్చులన్నీ ఆ కాగితాల్లోనే పొట్లాలు కట్టాడు.

"సదివిన అన్నవు గద" అంది గంగమణి.

"నాకు సదువు రాదు, గంగమణీ" అన్నాడు భోజన్న. "దలాలీకి సదువు రాదంటె ఇజ్జతి పోతదని ఎవలకు చెప్పలె."

ఆమెకు తిట్టబుద్ధి కాలేదు. ఆరేళ్ల కిందటిదాకా ఆమె సిగ్గూ అదే. కాని పోయిన ఆ పది కాగితాలు తార చావు గురించి రాసినవి.

పంతులు వెంటనే దారి చూపాడు. ఆ పది కాగితాలు తానే రాస్తాడట, దసరాకల్లా పుస్తకం చేతికొస్తుందట. గంగమణి పెద్దులు వైపు చూసింది. "నువ్వే రాయాలె అక్కా. ఎప్పుడు రాసినా సరే, నాకు తొందర లేదు" అన్నాడతను.

"రెండోసారి దాన్ని సంపమంటున్నవా?"

పెద్దులు ఆ దినం అట్లాగే వెళ్లిపోయాడు. దసరా పోయింది, కొత్త పసుపు వచ్చింది. పదిహేను రోజులకోసారి అతను మార్కెట్లో ఆగి, మంచీచెడ్డా అడిగి పోయేవాడు. కాగితాల మాట ఎన్నడూ ఎత్తలేదు. ఆ ఎత్తకపోవడమే ఆమెను కూర్చోబెట్టి రాయించింది.

మాఘంలో ఒక పగటిపూట గంగమణి నాలుగు కాగితాలు అతని చేతిలో పెట్టింది. పెద్దులు బస్తా మీద కూర్చుని చదివాడు. చివరి కాగితం తిప్పి వెనక కూడా చూశాడు.

"ముందుగాల పది కాగితాలుండె గద అక్కా?"

"గవన్ని అబద్దాలు, తమ్మీ. నా ఒళ్లె తల పెట్టుకొని నిమ్మళంగ పోయిందని రాసిన. నేనాడ లేను. అక్క కావాలంటున్నదని పగటీలి కబురొచ్చింది. ముంగటున్న కుప్ప ఏరి పోదామనుకున్న. పోయేసరికి అయిపోయింది." ఆమే మళ్లీ అడిగింది. "పట్నంల వాళ్లు గీ నాలుగు కాగితాలు తీసెయ్యమంటె ఏం జేస్తవు?"

"కట్ట మొత్తం వాపస్ తెచ్చి నీ చేతుల పెడ్త."

గంగమణి ఇంటికి పోయి మిగతా కాగితాలు తెచ్చింది. రాసిన నాలుగింటినీ అడుగున పెట్టి, దారం రెండు చుట్లు చుట్టి ముడి వేసింది. మధ్యాహ్నం పట్నం బస్సులో పెద్దులు ఆ కట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు కదిలేదాకా ఆమె కిటికీ పక్కనే నిలబడింది. ముందున్న కుప్ప ఆ రోజు అట్లాగే ఉండిపోయింది.