పాత జిప్పు, కొత్త గొట్టం

కత్తెరమ్మతో నోరు పెట్టుకుని నెగ్గినవాళ్లు ఆ వీధిలో లేరు. ఒకసారి ఒకాయన ప్యాంటు తెచ్చి ఆమె కుట్టుమిషను మీద విసిరాడు.

“కొత్త జిప్పని చెప్పి పాతది వేస్తావా? తొడిగిన పూటే నోరు తెరిచింది!”

“జిప్పు పాతది కాదు బాబూ, పొట్ట కొత్తది. కొలతలిచ్చిన నాడు ఇంత లేదు,” అంటూ టేపు తీసి, అందరి ముందూ ఆయన నడుముకు చుట్టబోయింది. ఆయన ప్యాంటు చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. గుమ్మంలో కూర్చున్న ఎదురింటి పెద్దమ్మ కడుపుబ్బ నవ్వింది. జిప్పు పాతదేనని ఆ ఆడవాళ్లిద్దరికీ తెలుసు. చిరిగిన ప్యాంట్ల నుంచి ఊడదీసి, కొవ్వొత్తి రుద్ది, కొత్తదానిలా జారేటట్టు చేసి వేయడం కత్తెరమ్మ పనితనం.

అందుకేనేమో, ఆమె ఎవరినీ నమ్మదు.

కూతురికి పుట్టుకతోనే కంట్లో నీటి ఒత్తిడి. అలాగే వదిలేస్తే చూపును తినేస్తుందని, నీరు బయటికి పోయేందుకు సన్నటి గొట్టం, దాని చివర తెల్లగుడ్డు మీది పొర కింద చిన్న బిళ్ల పెట్టారు. ఏడాది తిరక్కుండానే ఒత్తిడి మళ్లీ పెరిగింది. ఇంకొకటి పెట్టాలన్నారు.

కత్తెరమ్మ ముందు అత్తగారిని అనుమానించింది, కంట్లో చుక్కల మందు వేయకుండా ఎగ్గొట్టిందని. తర్వాత పిల్ల చేతుల్ని అనుమానించింది, కన్ను నలిపాయని. ఆఖరికి డాక్టరమ్మ మీద పడింది.

“ఎవరి కంట్లోంచి ఊడదీసింది పెట్టారు నా పిల్లకి?”

డాక్టరమ్మ నొచ్చుకోలేదు. “కొత్తదేనమ్మా. పసివాళ్ల ఒళ్లు గాయాన్ని పెద్దవాళ్లకంటే జోరుగా మాన్చేస్తుంది. బిళ్ల చుట్టూ దళసరి పొర కట్టేసింది. నీరు పోయే దారి లేదు.”

“బాగా మానడం కూడా తప్పేనా? ఎవరికి చెబుతారు!” అని విసవిసా వచ్చేసింది.

ఇంట్లో పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని, “అమ్మా, ఆ వెలుగు తీసెయ్,” అంది. అది పట్టపగలు. తీయడానికి దీపమేమీ లేదు. కత్తెరమ్మ కిటికీకి గుడ్డ కట్టి, పిల్లను ఒళ్లో వేసుకుంది. మొన్న గీరుకున్న మోకాలు చేతికి తగిలింది. గాయం అప్పుడే దిట్టంగా పూడిపోయింది. దాని మీద వేలు అలాగే ఉంచి చాలాసేపు కూర్చుంది.

సాయంత్రం ఎదురింటికి వెళ్లింది.

“పెద్దమ్మా, ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. గొట్టం పొట్లం విప్పకముందే చూపిస్తామన్నారు. నువ్వు వచ్చి చూడు.”

“నాకేం తెలుసే ఆ గొట్టాల సంగతి? కన్నదానివి, నువ్వే చూసుకో.”

“నేను చూస్తే కొత్తదైనా పాతదిగానే కనబడుతుంది. నా సంగతి నీకు తెలియనిదా? నువ్వు చూసి, కొత్తదేనని నాకు చెప్పు.”