ఆనపకాయ అడిగితే

ఈ రోజు వజ్రకరూరు సంతలో నవ్వులపాలయ్యాను. వజ్రాల సర్వే ఉద్యోగం మమ్మల్ని కాకినాడ నుంచి ఇక్కడికి తెచ్చి మూడు నెలలైంది. మా ఆయన వారమంతా క్యాంపులోనే ఉంటారు. ఇంట్లో నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తోంది.

పులుసు పెట్టుకుందామని, కూరగాయలమ్మే ముసలామెను లేత ఆనపకాయ ఒకటి ఇమ్మన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఒగటి ఏం జేసుకుంటావు తల్లీ? కొంగు పట్టు," అంటూ చిక్కుడులాంటి కాయలు రెండు శేర్లు పోసేసింది.

"ఇవి కాదు. ఇంత పొడుగ్గా, నున్నగా ఉంటుంది," అని చేతులతో చూపించాను.

"అది సొరకాయ! అనపకాయలంటే ఇవే. యా దేశమమ్మా మీది?"

చుట్టూ ఉన్నవాళ్లు ఒకటే నవ్వు. తెలుగు మాట్లాడి మరీ పరదేశినయ్యాను. సొరకాయలు అప్పటికే అయిపోయాయట.

"సరే, వీటినే వండుతాను," అన్నాను.

"ఇంట్లో ఒలిచేకి ఎంతమంది ఉండారు?"

"నేనొక్కదాన్నే."

ఆమె నవ్వు ఆపింది. "ఒక్కదానివి ఒలిస్తే యాడ తెగుతాయి? ఈడ కూచో," అని గోనెపట్టా మీద చోటిచ్చింది.

ఇద్దరం ఒలిచాం. ఆమె కోడలి మీద చాడీలు చెప్పింది. నేను మా ఊళ్లో ముసురు పడితే వారం రోజులు వదలదని చెప్పాను. ఆమె నమ్మలేదు.

మీ వైపు సొరకాయను ఏమంటారో చెప్పండి. నాకైతే సొరకాయ అనే మాట ఇప్పుడు బాగా వచ్చు. అయినా వచ్చే సంతలో కూడా ఆనపకాయే అడుగుతాను.